వెలుగు తాకిడికి వెలువడు ఎలక్ట్రాను – ఒక చరిత్ర, ఒక దిద్దుబాటు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిండని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను గ్రామచరిత్రయో, ప్రబంధ విమర్శయో వ్రాయుదునని వారు తలచియుందురు. నాకును మొదట అట్లే తోచినది. కాని ఇరువది యేండ్లుగా ఒక లెక్క తేలక నా మనస్సున నిలిచియున్నది. దానిని తేల్చుకొనుటకు ఇంతకన్న తగిన సమయము మఱి దొరకదు.

2005వ సంవత్సరమును ప్రపంచ భౌతికశాస్త్ర సంవత్సరముగా పాటించిరి. ఐన్‌స్టీను మహాశయుని సుప్రసిద్ధ పత్రములు వెలువడి అప్పటికి నూఱేండ్లు. ఆ సందర్భమున ఈ గ్రంథాలయపు వసారాలోనే నేనొక ఉపన్యాసము చేసితిని. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. భారత భాగవతములను ఎట్లు స్వయముగా చదువుకొంటినో, విజ్ఞానగ్రంథములను గూడ ఈ బీరువాలనుండి తీసి అట్లే చదువుకొంటిని. నాడు నేను సభలో నొక్కి చెప్పిన మాట యిది: ఎఱ్ఱని వెలుగు ఎంత తీవ్రమైనదైనను టంగ్‌స్టన్ వంటి లోహమునుండి ఒక్క ఎలక్ట్రానునైనను వెడలింపజాలదు. ముందు వరుసలో కూర్చుండిన తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "ఎంత అంటే ఎంతండీ? మరీ మరీ ఎక్కువైతేనో?" అని అడిగెను. "ఎంతైనా అంతేరా, కూర్చో" అంటిని. సభలో నవ్విరి. బాలుడు కూర్చుండెను. ఆనాటి సభావివరము మినిట్స్ పుస్తకమున నమోదై యున్నది.

మా తండ్రిగారు కరణీకము చేసినవారు. 1984లో కరణీకములు రద్దైన పిమ్మట దస్త్రములు మా యింటినుండి వెడలిపోయినవి గాని, వారు నేర్పిన నియమ మొకటి పోలేదు. తప్పుపడిన అంకెను గోకరాదు, చెరపరాదు; దానిపై గీత గీసి, సరియైన అంకె ప్రక్కన వేసి, చేవ్రాలు చేయవలెను. నేడు గ్రామ సహకార సంఘమునందు లెక్కలు వ్రాయుచు నేనును అట్లే చేయుచున్నాను. ఈ వ్యాసము అట్టి దిద్దుబాటు. అయితే తప్పు ఎట్లు జరిగినదో తెలియవలెనన్నచో కథ మొదటినుండి చెప్పవలెను.

1887లో జర్మనీదేశమందలి కార్ల్‌స్రూహె నగరమున హెయిన్రిచ్ హెర్ట్జ్ అను ముప్పది యేండ్ల ఆచార్యుడు విద్యుదయస్కాంత తరంగములకై వెదకుచుండెను. అట్టివి ఉండితీరవలెనని మాక్స్‌వెల్ పండితుడు లెక్కగట్టి చెప్పియుండెనే గాని, వానిని కన్నవారు లేరు. హెర్ట్జ్ ఒకచోట పెద్ద విద్యుత్ రవ్వను పుట్టించి, దూరముగా నున్న తీగచుట్టలోని సన్నని సందున చిన్న రవ్వ మెఱయునేమో యని కనిపెట్టుచుండెను. ఆ చిన్న రవ్వ మిక్కిలి మందమైనది. చక్కగా కనబడుటకై దానినొక చీకటి పెట్టెలో నుంచెను. ఉంచగానే రవ్వ మఱింత కుఱుచ యయ్యెను! మఱియొకడైనచో పెట్టెను తీసి ప్రక్కన పాఱవైచి తన పనిలో తాను పడియుండును. హెర్ట్జ్ అట్లు చేయలేదు. రెండు రవ్వలకు నడుమ గాజుపలకను నిలిపి చూచెను. చిన్న రవ్వ క్షీణించెను. స్ఫటికపు పలకను నిలిపెను, క్షీణింపలేదు. గాజు అడ్డగించునదియు స్ఫటికము దారి విడుచునదియు అతినీలలోహిత కాంతి. కంటికి కనబడని ఆ వెలుగు లోహపు కొనలకు సోకుటచేతనే రవ్వ సులభముగా పుట్టుచున్నదని తేలినది. చూచినదానిని చూచినట్లు ప్రకటించి, కారణము చెప్పబూనక, అతడు తన తరంగముల వెదకులాటకు మరలిపోయెను. తరంగములను కనుగొనెను. 1894 జనవరి 1వ తేదీన ముప్పదియాఱేండ్ల ప్రాయమున కీర్తిశేషుడయ్యెను. లెక్క తప్పిన చోట ఆగి చూచుట యనునది యెంత గొప్ప గుణమో చెప్పుటకు నాకింతకన్న మంచి ఉదాహరణము తెలియదు.

1888లో హాల్‌వాక్స్ అను వాడు ఋణవిద్యుత్తు గల తుత్తునాగపు పలకపై అతినీలలోహిత కాంతి పడినచో ఆ విద్యుత్తు జాఱిపోవుననియు, ధనవిద్యుత్తు గల పలకకు అట్లు కాదనియు చూపెను. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును గుర్తించెను. వెలుగు తాకిడికి లోహమునుండి వెలువడునవి ఆ ఎలక్ట్రానులే యని 1899లో నిర్ణయించెను. ఇంతవఱకు వివాదము లేదు.

వివాదము 1902లో పుట్టినది. ఫిలిప్ లెనార్డ్ పూర్వము హెర్ట్జ్ వద్ద సహాయకుడుగా నుండినవాడు. వెలుగు తరంగమే యైనచో, పెద్ద కెరటము పడవను ఎక్కువగా విసరివైచినట్లు, తీవ్రమైన వెలుగు ఎలక్ట్రానును ఎక్కువ వేగముతో విసరవలెను గదా! లెనార్డ్ వెలుగు తీవ్రతను వేయి రెట్లవఱకు మార్చి చూచెను. వెలువడు ఎలక్ట్రానుల సంఖ్య పెరిగినదే కాని, ఒక్కొక్క ఎలక్ట్రాను శక్తి ఆవగింజంతయు పెరుగలేదు. ఆ శక్తి వెలుగు రంగును బట్టి మాఱుచున్నది. తీవ్రతను బట్టి కాదు.

దీనికి సమాధానము 1905లో స్విట్జర్లాండునందలి బెర్న్ నగరమున పేటెంటు కచ్చేరీలో ఉద్యోగము చేయుచుండిన ఐన్‌స్టీను చెప్పెను. వెలుగు చిన్న చిన్న మూటలుగా వచ్చుననియు, మూట విలువ రంగును బట్టి యుండుననియు అతని మతము. ఆ మూటకే తరువాత ఫోటాన్ అని పేరు వచ్చినది. దీనిని నా భాషలో చెప్పెదను. లోహపు గడప దాటుటకు ఎలక్ట్రాను ఒక సుంకము చెల్లింపవలెను. టంగ్‌స్టన్ లోహమునకు ఆ సుంకము సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. సోడియమునకు సుమారు 2.3. ఎలక్ట్రాన్ వోల్టనునది పరమాణు వ్యవహారములయందు చెల్లు చిన్న కొలత. ఎఱ్ఱని వెలుగు నాణెము విలువ సుమారు 2. ఊదా వెలుగుది 3కు కొంచెము పైన. అతినీలలోహితమునది ఇంకను ఎక్కువ. తీవ్రత యనగా నాణెముల సంఖ్య. రంగు యనగా నాణెపు విలువ. సుంకమును ఒకే నాణెముగా చెల్లింపవలెను. చిల్లర కూడబెట్టి యిచ్చుటకు వీలులేదు. ఈ చివరి వాక్యమునే నేను 2005లో శిలాశాసనముగా చదివితిని.

ఐన్‌స్టీను మాటను లోకము వెంటనే ఒప్పుకొనలేదు. అమెరికాలో మిల్లికన్ అను ప్రయోగదక్షుడు అది తప్పని చూపుటకు ఇంచుమించు పదియేండ్లు శ్రమించెను. లోహపు పైపొర గాలి తగిలి మలినమగుటచే కొలతలు చెడిపోవుచుండెను. అందుచేత గాలి తీసివేసిన గాజుపాత్రలోనే కత్తి నమర్చి, సోడియము, పొటాసియము, లిథియము దిమ్మెలను లోపలనే చెక్కి, అప్పుడే పుట్టిన శుభ్రమైన ముఖముపై వెలుగును ప్రసరింపజేసెను. వచ్చిన అంకెలన్నియు ఐన్‌స్టీను సూత్రముపైననే చక్కగా కూర్చుండెను. 1916లో మిల్లికన్ ఆ ఫలితములను నిజాయితీతో ప్రకటించి, సూత్రము సరియే కాని దానికి ఆధారమైన మూటల సిద్ధాంతము నిలువదనియు వ్రాసెను! 1950లో వెలువడిన స్వీయచరిత్రలో మాత్రము ఆ ప్రయోగములు మూటల సిద్ధాంతమునకే సాక్ష్యములని వ్రాసుకొనెను. సాక్షి వాఙ్మూలము మార్చుట మనకు క్రొత్త కాదు గాని, ఇచ్చట మార్పు సత్యము వైపునకే జరిగినది గనుక క్షమింపవచ్చును. లెనార్డ్ మాత్రము మాఱలేదు. తన ప్రయోగముపైననే నిలిచిన సిద్ధాంతమును కాదని, పిమ్మట హిట్లరు పక్షమున చేరి, ఐన్‌స్టీను జాతిని దూషించుచు గ్రంథములు వ్రాసెను. 1905లో నోబెల్ బహుమానము పొందినవానికి అట్టి గతి పట్టుట విచారకరము. ఐన్‌స్టీనునకు 1921వ సంవత్సరపు బహుమానము వచ్చినది ఈ కాంతి విద్యుత్ ఫలితమునకే.

నేను చదివిన పుస్తకములలో కథ ఇచ్చట ముగిసినది. కథ మాత్రము ఇచ్చట ముగియలేదు.

మారియా గెప్పెర్ట్ అను యువతి జర్మనీలోని గెట్టింగెన్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచు, రెండు నాణెములు ఒకే క్షణమున వచ్చినచో కలసి చెల్లునని లెక్కగట్టెను. అది 1931లో అచ్చైనది. అనగా చిల్లర చెల్లదను నియమము సంపూర్ణము కాదు. చిల్లర ఒక్కసారిగా చేతిలో పడినచో సుంకరి పుచ్చుకొనును! కాని సూర్యుని వెలుగులోను దీపపు వెలుగులోను రెండు నాణెములు అట్లు ఏకకాలమున ఒకే ఎలక్ట్రానును తాకుట అత్యంత దుర్లభము. అందుచే ఆ లెక్క ముప్పది యేండ్లు కాగితముపైననే యుండెను. 1960లో అమెరికాలో మైమన్ అను వాడు కెంపు కడ్డీతో మొదటి లేసరును వెలిగించెను. 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయమున లేసరు వెలుగును సోడియముపై ప్రసరింపజేసి, ఒక్కొక్కటిగా చాలని నాణెములు రెండేసి కలసి ఎలక్ట్రానును వెడలించుటను చూచిరి. మిల్లికన్ వాడిన సోడియమే! నేను ఈ వసారాలో ఉపన్యసించుటకు నలుబది యేండ్ల ముందే ఆ బాలుని ప్రశ్నకు సమాధానము దొరికియున్నదన్నమాట.

ఇక రెండవ త్రోవ. లోహపు గడప యొద్ద సుంకము చెల్లించి గోడ దాటుట ఒక పద్ధతి. గోడనే పలుచన చేయుట మఱియొక పద్ధతి. సన్నని లోహపు మొనపై బలమైన విద్యుత్ క్షేత్రమును ప్రయోగించినచో ఎలక్ట్రానును బంధించిన గోడ పలుచబడును. అప్పుడు ఎలక్ట్రాను గోడ నెక్కకయే, సొరంగమున దూఱినట్లు, వెలుపలికి వచ్చును. ఈ విచిత్రమును ఫౌలర్, నోర్డ్‌హైమ్ అనువారు 1928లో నూతన క్వాంటం శాస్త్రముచే వివరించిరి. మొన యెందుకన్నచో, కొన సన్ననయ్యెనేని క్షేత్రమంతయు అచ్చటనే గుమిగూడును. మన కట్టడములపై పిడుగును రాబట్టు ఇనుప కడ్డీకి కొన చెక్కుట ఎల్లరు ఎఱిగినదే. 1936లో బెర్లిన్ నగరమున ఎర్విన్ ముల్లర్ అట్టి మొననుండి వెలువడు ఎలక్ట్రానులచే ఆ మొన రూపమునే తెరపై పెద్దదిగా చూపు సూక్ష్మదర్శినిని నిర్మించెను.

వెలుగు కూడ విద్యుత్ క్షేత్రమే గదా! అది ఒక క్షణము ఎలక్ట్రానును వెలుపలికి లాగును. మఱుక్షణము లోనికి త్రోయును. వెలుగు మిక్కిలి బలమైనదైనచో, వెలుపలికి లాగు ఆ అఱ ఊపులో గోడ పలుచబడి ఎలక్ట్రాను దూఱి రావలెను. అప్పుడు నాణెముల లెక్కతో పని యేమి? 1964లో మాస్కో నగరమున కెల్డిష్ అను శాస్త్రజ్ఞుడు ఈ రెండు త్రోవలకు నడుమ హద్దురాయి పాతెను. వెలుగు బలహీనమై, ఊపు చుఱుకైనదగునెడల నాణెముల పద్ధతి; వెలుగు బలమై, ఊపు నిదానమైనదగునెడల సొరంగపు పద్ధతి. ఐన్‌స్టీను తీర్పు కొట్టివేయబడలేదు. దాని అధికార పరిధి ఎంతవఱకో తేల్చబడినది. లెనార్డ్ ఆశించి కానలేకపోయిన తరంగపు దెబ్బ, హద్దురాయికి ఆవలి ప్రక్క నిజముగానే యున్నది. అతని దీపమున కంత బలము లేదు, అంతే.

అయితే అంత బలమైన వెలుగును ప్రయోగించినచో లోహము కరగిపోదా? ఇచ్చట మరల సన్నని మొనయే దిక్కు. టంగ్‌స్టన్ తీగను క్షారద్రావణములో విద్యుత్తుచే అరగదీసి, కొన వ్యాసార్ధము పది నానోమీటర్ల వఱకు సన్నము చేయుదురు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు నానోమీటరు. అట్టి మొనపై లేసరు పడినచో వెలుగు క్షేత్రము ఆ కొన యొద్ద కొన్ని రెట్లు హెచ్చగును. అచ్చట నానోమీటరుకు 10 వోల్టుల వఱకు బలము చేరును; తక్కిన తీగకు వాత యంతగా తగులదు. లోహపు సూక్ష్మరూపముల యొద్ద వెలుగిట్లు పోగుపడునను సంగతి మన రామన్ మహాశయుని పేరుగల ఫలితము ద్వారమున గూడ బయటపడినది. 1974లో ఇంగ్లండునందు గరుకైన వెండిపై నున్న పదార్థమునుండి రామన్ వెలుగు అనూహ్యముగా హెచ్చుట చూచిరి. రామన్‌గారి వద్ద పనిచేసి, ఆ ఫలితముపై 1940లో గ్రంథము రచించిన సూరి భగవంతముగారు మన ఆంధ్రులే గనుక ఈ మాట దాటవేయ మనసొప్పలేదు.

ఇక మిగిలినది కాలము. ఇచ్చటనే ఈ విద్య యంతయు నున్నది.

భాగవత తృతీయస్కంధమున కాలవిభాగము చెప్పబడినది. 24 నిమిషముల నాడికకు 15 లఘువులు, లఘువునకు 15 కాష్ఠలు, కాష్ఠకు 5 క్షణములు, క్షణమునకు 3 నిమేషములు, నిమేషమునకు 3 లవములు, లవమునకు 3 వేధలు, వేధకు 100 త్రుటులు, త్రుటికి 18 పరమాణుకాలములు. నేనొక రాత్రి కూర్చుండి గుణించితిని. పరమాణుకాలము సెకండులో సుమారు 38,000వ వంతు అగుచున్నది. ఈ ప్రయోగములలో వాడు లేసరు వెలుగు పొడవు 800 నానోమీటర్లు; అది ఎఱుపునకు ఆవలి పరారుణము. దాని తరంగము ఒక్క ఊపు ఊగుటకు 2.67 ఫెమ్టోసెకండులు పట్టును. ఫెమ్టోసెకండనగా సెకండులో వేయి లక్షల కోట్లవ వంతు. భాగవతపు పరమాణుకాలమును ఇంచుమించు వేయి కోట్ల భాగములు చేసినచో అందొక భాగము ఈ ఊపు! ఇవన్నియు మన పూర్వులు ముందే యెఱుగుదురని వాదించువారు కలరు. నేను వారితో ఏకీభవింపను, అంకెలే ఒప్పుకొనవు. కాని కాలమును పగులగొట్టుచు ఎంత దూరము పోవచ్చునో చూడవలెనను కుతూహలము వారికి కలదు, వీరికిని కలదు.

అంత చిన్న మెఱపులను పుట్టించుటకు పెక్కుమంది శ్రమించిరి. 1985లో డోనా స్ట్రిక్లాండ్, జెరార్డ్ మూరూ అనువారు మెఱపును సాగదీసి, బలపఱచి, మరల కుదించు ఉపాయము కనిపెట్టి, 2018లో నోబెల్ బహుమానమున పాలుపొందిరి. మెఱపు లోపలి తరంగపు శిఖరము ఎచ్చట నిలువవలెనో నిర్ణయించు నేర్పు, వెలుగును దువ్వెనపండ్లవలె సమాన అంతరములు గల రంగులుగా మలచిన హెన్ష్, హాల్ అనువారి కృషితో ముడిపడినది. వారిరువురికి బహుమానము వచ్చినది నేను ఉపన్యసించిన ఆ 2005లోనే!

మఱుసటి యేటినుండి సంగతులు త్వరత్వరగా నడచినవి. 2006లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌నందు హొమ్మెల్‌హోఫ్, కసెవిచ్, వారి తోడివారు టంగ్‌స్టన్ మొనపై ఫెమ్టోసెకండు మెఱపులను ప్రయోగించి, మొన ఒక్కదానినుండియే ఎలక్ట్రానులను వెడలించిరి. 2007లో బెర్లిన్ నగరమున రోపర్స్ మొదలగువారు బంగారు మొనతో అట్లే చేసిరి. నాణెముల లెక్క ఇచ్చట ముచ్చటగా నుండును. టంగ్‌స్టన్ సుంకము 4.5. పరారుణపు నాణెము 1.55. మూడు నాణెములు 4.65. సుంకము పోను మిగులు 0.15. 2009లో జ్యూరిక్ విశ్వవిద్యాలయమువారు వెలుగు ఊగు దిక్కును మార్చి, మొనయందు ఏ ముఖమునుండి ఎలక్ట్రానులు వెలువడవలెనో తామే నిర్ణయించిరి. స్థలము చేజిక్కినది. సమయము ఇంకను చిక్కలేదు.

అది 2011లో జర్మనీదేశమున గార్షింగ్ నందలి మాక్స్ ప్లాంక్ సంస్థలో చిక్కినది. హెన్ష్ మహాశయుని సంస్థ యదియే. మైఖేల్ క్రూగర్, మార్కస్ షెంక్, పీటర్ హొమ్మెల్‌హోఫ్ అను ముగ్గురు సుమారు ఆఱు ఫెమ్టోసెకండుల మెఱపులను టంగ్‌స్టన్ మొనపై ప్రసరింపజేసిరి. ఆఱింటిని 2.67చే భాగించిన చదువరులకు తెలియును: అట్టి మెఱపులో తరంగము రెండు మూడు ఊపులకన్న ఎక్కువ ఊగదు. అప్పుడు నడిమి శిఖరము వెలుపలికి లాగుచున్నదా, లోనికి త్రోయుచున్నదా యనునది గొప్ప భేదమగును. వెలుపలికి లాగు శిఖరమే నడుమ నున్నచో ఎలక్ట్రాను బయలుపడుటకు ముఖ్యమైన కిటికీ ఒక్కటి. త్రోయు శిఖరము నడుమ నున్నచో దానికి అటు నిటు సమానమైన కిటికీలు రెండు.

కిటికీ ఒకటియా రెండా యని ఎట్లు తెలియును? ఎలక్ట్రానుల శక్తిని కొలిచి, ఏ శక్తితో ఎన్ని వచ్చినవో పట్టీ వ్రాయుదురు. కొన్ని ఎలక్ట్రానులు వెలువడిన పిమ్మట తరంగము వెనుకకు మఱలుటచే తిరిగి మొనను ఢీకొని, గోడకు కొట్టిన బంతివలె ఎగసి, ఎక్కువ శక్తితో వచ్చును. అట్టివాని పట్టీని చూడగా, కిటికీలు రెండైనప్పుడు చారలు చారలుగా నున్నది. చారకు చారకు నడుమ దూరము ఒక నాణెపు విలువ. కిటికీ ఒక్కటైనప్పుడు చారలు మాసిపోయి పట్టీ నున్ననైనది! ఒక ఎలక్ట్రాను తరంగము రెండు కిటికీలనుండియు వచ్చి తనలో తాను కలసికొనుటచే ఆ చారలు పుట్టినవి. ఒక్కొక్క మెఱపునకు ఒక్క ఎలక్ట్రానైనను వెలువడని సందర్భములే అధికము గనుక అది మఱియొకదానితో కలసినదని చెప్పుటకు వీలులేదు.

చదువరులు ఇచ్చట ఒక్క క్షణము నాతోకూడ నిలువవలెను. చార దూరము నాణెపు విలువ యంటిని. నాణెములు కనబడుటకు కారణము తరంగము మరల మరల ఊగుటయే. ఊపు ఒక్కటే యైనప్పుడు నాణెము కనబడదు. లెనార్డ్ కాలమునుండి పరస్పర విరుద్ధములుగా తోచిన మూటల లెక్కయు తరంగపు లెక్కయు ఒకే చిట్టాలో, ఒకే పుటలో, పైసా తేడా లేక సరిపోయినవి. మెఱపులోని శిఖరమును కదలించు మర త్రిప్పినచో ఒక లెక్క మఱియొకటిగా మాఱుచున్నది. నేను ముప్పది యేండ్లు జమాఖర్చులు సరిచూచినవాడను. ఇంత సొగసుగా సరిపోయిన ఖాతాను చూడలేదు.

2012లో గెట్టింగెన్ నందు రోపర్స్ బృందమువారు ఇంకొక చిత్రమును చూపిరి. వెలుగు పొడవును పదిరెట్లు పెంచి, 8 మైక్రోమీటర్ల వఱకు తీసికొనిపోయిరి. అప్పుడు ఊపు నిదానమగును. తరంగము వెనుకకు మఱలులోపలనే ఎలక్ట్రాను మొనచుట్టు నున్న బలమైన క్షేత్రపు పొలిమేర దాటిపోవును. పొలిమేర దాటినవానిపై గ్రామాధికారికి అధికారము లేనట్లే, వెనుకకు లాగుటకు తరంగమునకు వీలుండదు. 2016లో హొమ్మెల్‌హోఫ్ బృందమువారు బలమైన వెలుగునకు దాని సగము పొడవు గల బలహీనమైన వెలుగును జోడించి, రెండింటి తాళమును సవరించుటచే వెలువడు ఎలక్ట్రానుల ధారను నూటికి తొంబది పాళ్లకు మించి హెచ్చుతగ్గులు చేసిరి. ఒక పెద్ద వెలుగును చిటికెడు చిన్న వెలుగు శాసించుట! మొనలే కాదు, వరుసగా పేర్చిన బంగారు సూక్ష్మరూపములయందు గూడ ఎలక్ట్రానుల ధార మెఱపులోని శిఖరపు స్థానమును బట్టి మాఱుట 2017లో అమెరికాలో చూడబడినది. 2023లో ఎర్లాంగెన్ నగరమున రెండు రంగుల ఉపాయముతోనే టంగ్‌స్టన్ మొననుండి ఎలక్ట్రాను వెలువడు వ్యవధి 710 ఆటోసెకండులని, ముప్పది అటు నిటుగా, కొలిచిరి. ఆటోసెకండు ఫెమ్టోసెకండులో వేయవ వంతు. ఆ యేడే ఆటోసెకండు మెఱపులను సాధించిన అగొస్తీని, క్రౌస్, ఆన్ లూయీయే అను మువ్వురకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

దీనివలన ప్రయోజన మేమని గ్రంథాలయమునకు వచ్చు రైతుమిత్రులు తప్పక అడుగుదురు. సన్నని మొననుండి కోరిన క్షణమున వెలువడు ఎలక్ట్రానులతో, పదార్థముపై పైపొర ఎట్లు కదలుచున్నదో, ఎట్లు కరగుచున్నదో, ఆ మార్పు జరుగుచుండగనే చిత్రములు తీయు యంత్రములను గెట్టింగెన్ నందు నిర్మించిరి. వెలుగు తరంగపు వేగముతో పనిచేయు విద్యుత్ సాధనములను చేయవచ్చునని మఱికొందఱి ఆశ. అది ఇంకను ప్రయోగశాల గడప దాటలేదు. అంగడికి వచ్చినదని చెప్పువారిని నమ్మకుడు.

ఇక నా లెక్క. ఈ వ్యాసము కార్యదర్శిగారి చేతికిచ్చు ముందు, పాలకవర్గము అనుమతితో 2005 నాటి మినిట్స్ పుస్తకమును తీయించితిని. "ఎఱ్ఱని వెలుగు ఎంత తీవ్రమైనదైనను" అని నాడు నా చేతివ్రాతతోనే వ్రాయబడిన వాక్యముపై గీత గీసి, ప్రక్కన "తగినంత తీవ్రమైనచో వెడలించును" అని వ్రాసి, తేదీ వేసి, చేవ్రాలు చేసితిని. దాని క్రింది పంక్తిలో "ఒక విద్యార్థి ప్రశ్నించెను" అని మాత్రమే యున్నది. పేరు లేదు. ఆ పేరు నాకు తెలియును. అదియు ప్రక్కన వ్రాసితిని.